మారుతి 800 ఎండలో వేడెక్కి ఆగిపోతుంటే, ఇంజిన్ దించే ముందు ఏం చూడాలి?

నాన్నగారు వాడిన 1994 మోడల్ మారుతి 800 ఇప్పుడు గుంటూరులో మీ దగ్గర ఉందని, మధ్యాహ్నం ఎండలో టెంపరేచర్ ముల్లు పైదాకా వెళ్లి బండి ఆగిపోతోందని, ఓ అరగంట వదిలేస్తే మళ్లీ మామూలుగా స్టార్ట్ అవుతోందని రాశారు. మెకానిక్ ఇంజిన్ దించి బోరింగ్ (సిలిండర్లను లోపల గీసి కాస్త పెద్దవి చేయడం) చేయించాలన్నాడట. ఆ పనికి ఇప్పుడే ఒప్పుకోకండి. ఇంజిన్ విప్పకుండానే తేల్చుకోగలిగినవి చాలా ఉన్నాయి. నేను ఒకసారి తొందరపడి ఒప్పుకున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది విజయవాడ, పటమట. మా ఇంట్లోది 1993 బండి, నాన్న కొన్నదే. 2016 మే నెలలో గుంటూరులో ఒక పెళ్లికి నలుగురం బయల్దేరాం. మంగళగిరి దాటాక కాజ టోల్‌గేట్ దగ్గర క్యూలో ఉండగా ముల్లు లేచింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. బండిని లాగించుకెళ్లిన షాపులో పిస్టన్ రింగులు పోయాయన్నారు. కంప్రెషన్ గేజీ పెట్టలేదు, ప్లగ్గులు తీసి చూడలేదు. బోరింగ్, కొత్త పిస్టన్లు, హెడ్ (సిలిండర్ల మీద ఉండే పైభాగం) పని అన్నీ కలిపి ముప్పై వేలు దాటింది, మూడు వారాలు పట్టింది. జూన్‌లో బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో మళ్లీ అదే ఆవిరి. అప్పుడు ఆటోనగర్‌లో రేడియేటర్ల పని మాత్రమే చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రేడియేటర్ పై ట్యాంకు విప్పి, టార్చి వేసి లోపల చూపించారు. సగం ట్యూబులు తెల్లటి ఉప్పుతో పూడుకుపోయి ఉన్నాయి. ఏళ్ల తరబడి మేం పోసినవి పెరట్లో బోరు నీళ్లు. రాడింగ్ (ట్యూబుల్లో కడ్డీ దూర్చి పూడిక తీయడం) చేసి ఇచ్చినందుకు ఆయన తీసుకున్నది ఇంజిన్ పనికి అయినదాంట్లో పదో వంతు కూడా లేదు.

ఇందులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది డబ్బు కాదు. మన బండ్లలో ఉన్నది ఎఫ్8బి ఇంజిన్. 796 సీసీ, మూడు సిలిండర్లు, బోరు, అంటే సిలిండర్ వ్యాసం, 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 72. ఒక్కసారి బోరింగ్ చేస్తే ఆ 68.5 మళ్లీ రాదు. పావు మిల్లీమీటరు, అర మిల్లీమీటరు ఓవర్‌సైజ్ పిస్టన్లు వేసుకోవచ్చు. ఆ తర్వాత సిలిండర్ లోపల స్లీవ్ (కొత్త గొట్టం) వేయించుకోవాలి, లేదంటే ఇంకో ఇంజిన్ వెతుక్కోవాలి. ఈ మోడల్ తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. ఫ్యాక్టరీ కొలతలో ఉన్న సిలిండర్‌ను అవసరం లేకుండా గీయించడమంటే ఇంజిన్ ఆయుష్షులో ఒక భాగాన్ని చేతులారా పోగొట్టుకోవడమే.

కాబట్టి ముందు కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కినప్పుడు పుట్టే ప్రెషర్) చూపించండి. గేజీ ఉన్న ట్యూనింగ్ షాపులో అరగంట పని. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మూడు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. మూడు సిలిండర్ల మధ్య తేడా గేజీ మీద ఒక కిలోకు (చదరపు సెంటీమీటరుకు) మించకుండా ఉంటే, ఏ ఒక్కటీ మరీ తక్కువ చూపించకపోతే రింగుల గురించి టెన్షన్ అక్కర్లేదు. ఏదైనా తక్కువ చూపిస్తే ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. ఆయిల్ పోశాక రీడింగ్ పెరిగితే రింగులు లేదా సిలిండర్ అరిగినట్టు. పెరగకపోతే వాల్వుల్లో గానీ, హెడ్ గ్యాస్కెట్‌లో (హెడ్ కింద ఉండే సీలు) గానీ లోపం ఉంది. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు కలిసి తక్కువ చూపిస్తే గ్యాస్కెట్ వాటి మధ్యలో కాలిపోయి ఉండవచ్చు. అది హెడ్ వరకే చేసే పని, ఇంజిన్ దించనక్కర్లేదు.

గ్యాస్కెట్‌కు ఇంకో రెండు గుర్తులున్నాయి. ఆయిల్ పోసే మూత లోపల మజ్జిగ నురగలాంటిది ఉందేమో చూడండి. ఉదయం ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి, నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తున్నాయేమో చూడండి. వేడి మీద మాత్రం ఆ మూత ఎప్పుడూ తీయకండి, ముఖం కాలుతుంది. ఈ ఇంజిన్ హెడ్ అల్యూమినియంది. బాగా వేడెక్కితే వంగుతుంది. హెడ్ విప్పాల్సి వస్తే స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూసి, అవసరమైతే ఫేసింగ్ (అడుగును సమంగా గీయించడం) చేయించాకే కొత్త గ్యాస్కెట్ వేయించండి. వంగిన హెడ్ మీద వేసిన గ్యాస్కెట్ ఎక్కువ కాలం ఉండదు.

ఇక అసలు సంగతి, నీళ్లు. మీరు రాసిన లక్షణాలు చూస్తే నా అనుమానం ఇటే ఉంది. బండి పరుగులో బాగుండి ట్రాఫిక్‌లో నిలబడితేనే వేడెక్కుతుంటే ముందు ఫ్యాన్ చూడండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి ఊరికే వదిలేయండి. ముల్లు సగం దాటాక ఫ్యాన్ దానంతట అదే తిరగాలి. తిరగకపోతే మోటారుకు నేరుగా బ్యాటరీ కరెంటు ఇచ్చి చూడమనండి. అప్పుడు తిరిగితే మోటారు మంచిదే, స్విచ్చో ఫ్యూజో వైరో పోయింది. అదే హైవే మీద కాజ వైపు అరవై డెబ్భైలో వెళ్తున్నప్పుడు కూడా వేడెక్కుతుంటే రేడియేటర్ పూడిపోయి ఉంటుంది, లేదా నీళ్లు సరిగా తిరగడం లేదు. వాటర్ పంపు తిరిగేది డైనమో బెల్టుతోనే. బెల్టు వదులైతే పంపు మందగిస్తుంది, తెగితే బ్యాటరీ లైటూ వెలుగుతుంది, వేడీ పెరుగుతుంది. పాత రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే రాడింగ్ చేయించవచ్చు. ప్లాస్టిక్ ట్యాంకున్న అల్యూమినియం రేడియేటర్ ఎవరైనా మార్చి ఉంటే, అది పూడినప్పుడు కొత్తది వేయించడమే మంచిది.

థర్మోస్టాట్ వాల్వు ఉందో లేదో తప్పకుండా అడగండి. మన ఎండలకు అది అక్కర్లేదని చాలామంది తీసేస్తారు, మా బండిలోనూ లేదు. అది ఇంజిన్‌ను వేడెక్కించడానికి పెట్టింది కాదు. నీళ్లు సుమారు 82 డిగ్రీలకు చేరేదాకా మూసి ఉండి, ఆపైన తెరుచుకుంటుంది. తీసేస్తే చలికాలం ఇంజిన్ సరైన వేడికి రాదు, చోక్ ఎక్కువసేపు లాగి ఉంచాలి, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ త్వరగా పాడవుతుంది. పైగా పూడిన రేడియేటర్ సంగతి కొన్నాళ్లు బయటపడకుండా ఉంటుంది. వాల్వు మంచిదో కాదో ఇంట్లోనే చూడొచ్చు. గిన్నెలో నీళ్లు కాచి అందులో వేస్తే, నీళ్లు మరిగేలోపే తెరుచుకోవాలి.

బోరు నీళ్లు, మునిసిపల్ నీళ్లు రెండూ వద్దు. కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోసి, రెండేళ్లకోసారి మార్చండి. రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడితే మూత కొత్తది వేయండి. అది ప్రెషర్ పట్టి ఉంచితేనే నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. దారిలో ముల్లు లేస్తే ఏసీ కట్టేసి, హీటర్ ఉంటే ఫుల్లుగా పెట్టండి, కొంత వేడి అటు పోతుంది. అయినా దిగకపోతే పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయండి. కాలిన ఇంజిన్ మీద చన్నీళ్లు గుమ్మరించకండి.

ఆగిన బండి అరగంటకు గానీ స్టార్ట్ కాకపోవడానికి వేరే కారణమూ ఉండొచ్చు. ఇది కార్బురేటర్ బండి. ఇంజిన్ ఆపాక ఆ వేడికి కార్బురేటర్‌లో పెట్రోలు మరిగి ఇంజిన్‌లోకి ఎక్కువగా దిగిపోతుంది. అలాంటప్పుడు చోక్ లాగకుండా, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి, పదే పదే తొక్కొద్దు. అలా కూడా రాకపోతే ఆగిన వెంటనే ప్లగ్ వైరు తీసి స్పార్క్ చూడాలి. వేడి మీద స్పార్క్ లేక, చల్లారాక వస్తుంటే కాయిల్ గానీ కండెన్సర్ గానీ పోతోందన్నమాట. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే మీది పాయింట్ల మోడలో ఎలక్ట్రానిక్‌దో తెలుస్తుంది. పాయింట్లదైతే ఆ గ్యాప్ సరిచేయకుండా కార్బురేటర్ స్క్రూలు ఎవరినీ తిప్పనివ్వకండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 1994 నాటి రబ్బరు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేయించండి, ఫిల్టర్ మార్చండి, పెట్రోలు పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) చూపించండి. అది చిరిగితే పెట్రోలు ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగినా, పెట్రోలు వాసన వచ్చినా బండి నడపకండి. నెలల తరబడి తీయని బండిలో ట్యాంకు నిండా పెట్రోలు ఉంచొద్దు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

నేను 20డబ్ల్యూ-40 ఆయిల్ వాడుతున్నాను. ఫిల్టర్‌తో కలిపి మూడు లీటర్ల లోపే పడుతుంది. బండి తిరిగినా తిరగకపోయినా ఏడాదికోసారి మారుస్తాను. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో నాన్నగారి బిల్లుల్లో దొరకకపోతే మార్చేయండి. కిలోమీటర్లు తక్కువని వదలొద్దు, రబ్బరుకు వయసు కూడా లెక్కే.

ముందు కంప్రెషన్ చూపించి, మూడు సిలిండర్ల రీడింగులూ ఇక్కడ రాయండి. ఫ్యాన్ తిరుగుతోందో లేదో, ముల్లు ట్రాఫిక్‌లో లేస్తోందో హైవే మీద లేస్తోందో కూడా చెప్పండి. రేడియేటర్ విప్పించేటప్పుడు మీరు పక్కనే ఉండి ట్యూబులు చూడండి. విజయవాడ దాకా తీసుకురాగలిగితే నేను కూడా ఆటోనగర్‌కు వస్తాను.