నీట్‌లో సీటు రాలేదు: నర్సింగా, ఫిజియోథెరపీనా, ల్యాబా, ఫార్మ్‌డీనా?

ఇంటర్ బైపీసీ పూర్తయినా నీట్‌లో ప్రభుత్వ కళాశాల సీటుకు సరిపడా మార్కులు రాలేదని, బీఎస్సీ నర్సింగ్, బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ), బీఎస్సీ ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నాలజీ డిగ్రీ), ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ)లలో దేనిలో చేరాలో తేల్చుకోలేకపోతున్నానని, మీ నాన్నగారు మాత్రం మరో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకోమంటున్నారని రాశారు. నేను బీఎస్సీ నర్సింగ్ చదివి, చాలా ఏళ్లుగా హైదరాబాదులో ఐసీయూలో పనిచేస్తున్నాను. మీరు పేర్కొన్న నాలుగు చదువుల వారితోనూ నాకు రోజూ పని పడుతుంది కనుక ఆ అనుభవంతోనే జవాబు రాస్తున్నాను.

ముందుగా ఈ కోర్సులను ఎంబీబీఎస్ కింద రెండోది, మూడోది అని వరుస పెట్టి చూడడం మానేయండి. రోగికి ఎంత దగ్గరగా, ఎంతసేపు ఉండి పనిచేయాలని మీ మనసుకు ఉందో ఆలోచించండి. నా దృష్టిలో మిగతావన్నీ ఆ తర్వాతి లెక్కలే.

రౌండ్సుకు వచ్చిన డాక్టరు ఒక్కో మంచం దగ్గర కొద్ది నిమిషాలు ఉంటారు. నర్సు మాత్రం డ్యూటీ ముగిసేదాకా అక్కడే ఉంటుంది. నిమిషానికి 18 సార్లు ఊపిరి తీసుకుంటున్న మనిషి 26కు చేరడం, అంతవరకు బాగానే మాట్లాడినవారు దుప్పటి లాగేసుకుంటూ అసహనంగా కదలడం వంటి మార్పులు చాలాసార్లు రక్తపోటు పడిపోకముందే కనిపిస్తాయి. వాటిని గమనించి డ్యూటీ డాక్టరును పిలిచేది మంచం పక్కనున్న నర్సే. అదే నర్సు మలమూత్రాలు శుభ్రం చేస్తుంది, పడకపుండ్లు రాకుండా రోగిని పక్కకు తిప్పుతుంది, సంక్రాంతి రాత్రి కూడా డ్యూటీకి వస్తుంది. ఈ పనులు చేయడం చిన్నతనమనిపించేవారు నర్సింగ్‌లో చేరకపోవడమే మంచిదని గట్టిగా చెబుతాను, ఎందుకంటే అటువంటివారి చేతిలో రోగీ ఇబ్బంది పడతాడు, వారూ సుఖపడరు.

ఫిజియోథెరపిస్టుకు రోగితో గడిపే సమయం తక్కువే అయినా ఆ సంబంధం వారాలు, నెలల పాటు సాగుతుంది. పక్షవాతం వచ్చిన పెద్దాయనను మొదటిసారి మంచం అంచున కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి, ఒక పక్కకు ఒరిగిపోకుండా భుజం పట్టుకుని, ఆయన తన తలను తానే నిలబెట్టుకునేదాకా ఓపికగా ఆగే మా ఫిజియోథెరపిస్టును చూసినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది. ఫలితం నెమ్మదిగా వస్తుంది, శారీరక శ్రమ కూడా ఎక్కువే. ఎవరితోనైనా ఓర్పుగా మాట్లాడి పని చేయించగల స్వభావం మీకు ఉంటే ఇది మంచి దారి, పైగా అనుభవం వచ్చాక సొంత క్లినిక్ పెట్టుకునే వీలూ ఉంది.

ల్యాబ్ టెక్నాలజిస్టుకు చాలాసార్లు రోగి ముఖమే తెలియదు, కానీ రోగి ప్రాణం వారి చేతిలోనూ ఉంటుంది. రక్తం తీసేటప్పుడు సిరంజిని గట్టిగా లాగితే ఎర్ర రక్తకణాలు చిట్లి, వాటిలోని పొటాషియం బయటికి వచ్చి, రిపోర్టులో అది లేనంత ఎక్కువగా కనబడుతుంది. సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) ఎర్రబారిందని గుర్తించి, “శాంపిల్ హీమోలైజ్ అయింది సిస్టర్, మళ్లీ పంపండి” అని ఐసీయూకు ఫోన్ చేసే టెక్నాలజిస్టు లేకపోతే, ఆ అంకెను నమ్మి అక్కరలేని మందు ఎక్కించే ప్రమాదం ఉంది. రోగులతో, బంధువులతో మాట్లాడడం కన్నా నిశ్శబ్దంగా, కచ్చితంగా పనిచేయడం ఇష్టమైనవారికి ఈ చదువు సరిపోతుంది.

ఫార్మ్‌డీ గురించి క్లుప్తంగా చెబుతాను. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఆరేళ్ల చదువు. కిడ్నీలు దెబ్బతిన్న రోగికి మందు మోతాదు తగ్గించాలా, రెండు మందులు ఒకదానితో ఒకటి పడతాయా అని చూసే క్లినికల్ ఫార్మసిస్టు చాలా అవసరమే అయినా, మన ఆసుపత్రుల్లో ఆ ఉద్యోగాలు ఇంకా తక్కువ. చాలామంది ఫార్మకోవిజిలెన్స్, అంటే మందుల దుష్ప్రభావాల సమాచారాన్ని నమోదు చేసి పరిశీలించే కంపెనీల వైపు వెళ్తున్నారు. అక్కడ కంప్యూటరు ముందు చేసే పని మీకు నచ్చుతుందో లేదో ఇప్పుడే ఆలోచించండి.

జీతం విషయం దాచకుండా చెప్పాలి. ప్రైవేటు ఆసుపత్రుల్లో కొత్తగా చేరిన నర్సుకు, ఫిజియోథెరపిస్టుకు, టెక్నాలజిస్టుకు వచ్చేది వారి శ్రమకు తగినంత కాదు, ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. నర్సింగ్‌లో మాత్రం ముందుకు వెళ్లే దారులు ఎక్కువ. ఎయిమ్స్ సంస్థల నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకు నార్‌సెట్ పరీక్ష ఉంది. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు మనకు దగ్గరలోనే ఉన్నాయి. అమెరికా వెళ్లాలంటే అక్కడి నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ పాస్ కావాలి, జర్మనీకైతే ముందు ఆ భాష బాగా నేర్చుకోవాలి. విదేశీ ఉద్యోగం ఆశ చూపించి చేర్చుకునే కళాశాలకు వెళ్లినప్పుడు, విద్యార్థులు ప్రాక్టికల్స్‌కు ఏ ఆసుపత్రికి వెళ్తున్నారో, అక్కడ నిజంగా రోగులు ఉన్నారో లేదో స్వయంగా చూడండి. ఖాళీ మంచాల మధ్య చదివినవారికి ఉద్యోగంలో చేరిన మొదటి నెలల్లో పడే కష్టం నేను దగ్గరగా చూశాను.

లాంగ్‌టర్మ్ విషయానికి వస్తే, మీ మార్కులు గత ఏడాది మీ కేటగిరీ కటాఫ్‌కు దగ్గరగా ఉండి, డాక్టరు కావాలన్న కోరిక మీదే అయితే ఒక్క ఏడాది ప్రయత్నించడంలో తప్పు లేదు. దూరం చాలా ఎక్కువగా ఉంటే, లేదా ఆ కోరిక ఇంట్లోవారిది మాత్రమే అయితే, ఆ ఏడాదిని, ఆ ఫీజును ఇటు ఖర్చు చేయడం మేలు. ఈలోగా ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో ఉంటే వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశ ప్రకటనలను గమనిస్తూ ఉండండి. ఫార్మ్‌డీకి ఈఏపీసెట్ కౌన్సెలింగ్ విడిగా జరుగుతుంది కనుక దాని తేదీలు కూడా చూసుకోండి. మీ మార్కులు, కేటగిరీ, జిల్లా రాస్తే ఏ కళాశాలలకు ముందుగా వెళ్లి చూడాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.