చుక్కల లాంతరు ఈగ అనవచ్చా?

సందేహం: మా అమ్మాయి పెన్సిల్వేనియాలో ఉంటుంది. వాళ్ళ పెరట్లో చెట్టు మొదలంతా ఏవో పురుగులు పట్టాయట. బూడిదరంగు రెక్కలు, వాటి మీద నల్లచుక్కలు. అక్కడివాళ్ళు ‘స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై’ అంటారట. ఈ సంగతి మా అమ్మకు జాబులో రాస్తూ ‘చుక్కల లాంతరు ఈగ’ అన్నాను. మావారు అది ఈగ కాదు, ‘కీటకం’ అని రాయమంటున్నారు. ఏది సరి? – ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: ఈగ కాదన్న మాట నిజమే. అలాగని రెక్కలు లెక్కపెట్టి తేల్చే విషయమూ కాదిది. శాస్త్రం ప్రకారం ఈగకు రెండే రెక్కలు. నాలుగు రెక్కలున్న తేనెటీగను, కందిరీగను కూడా తెలుగువాళ్ళు ఈగలనే అన్నారు. గాలిలో ఎగురుతూ, ముసురుతూ తిరిగేదాన్ని మనం ఈగ అంటాం. మీ అమ్మాయి చూసిన పురుగు ఎగిరేది తక్కువ, గెంతేది ఎక్కువ. మానుకు అతుక్కుని రసం పీలుస్తుంది. ‘లాంతరు’ ఇంకా ఇబ్బంది. ఈ పురుగుకు వెలుగే లేదు. ఆ మాట వింటే మీ అమ్మగారు మిణుగురును తలుచుకుంటారు.

చైనా ప్రాంతపు ఈ పురుగు పెన్సిల్వేనియాలో మొదట 2014లో కనబడింది. ద్రాక్షతోటలకు పెద్ద బెడద కావడంతో, కనబడితే చంపమని అక్కడి ప్రభుత్వమే జనానికి చెబుతోంది. ఇది రసం పీల్చి తియ్యటి జిగురు విసర్జిస్తుంది. ఆ జిగురు ఆకుల మీద పడి, దానిపై నల్లటి మసి కడుతుంది. ఈ మాట చదవగానే కడప జిల్లా మామిడి రైతుకు ఒక పేరు నోటికొస్తుంది: తేనెమంచు పురుగు. పూతను పట్టి పీల్చే ఆ చిన్న పురుగు చేసే పనీ అచ్చం ఇదే. రెండూ దూరపు చుట్టాలు కూడా. తేనెమంచు! ఎంత చక్కటి పేరో చూడండి. పురుగును సరిగా చూడనివాడికి కూడా ఆకు మీద అది మిగిల్చిన జిగురు కనబడుతుంది, ఆ జిగురుతోనే పేరు పెట్టారు. దగ్గరి చుట్టం కావాలంటే వరిని పట్టే సుడిదోమ ఉంది. కానీ జాబులో దోమ అని రాస్తే ఇంట్లోవాళ్ళు కుట్టే దోమ అనుకుంటారు, కాబట్టి వద్దు.

కొత్త పురుగుకు పేరు పెట్టే శక్తి మన భాషకు ఇప్పటికీ ఉంది. అమెరికా ఖండాల్లో పుట్టి 2018లో మన దేశపు మొక్కజొన్న చేలల్లో పడిన పురుగును ఇంగ్లీషువాళ్ళు సైన్యంతో పోల్చి పిలుస్తారు. తెలుగులో అది ‘కత్తెర పురుగు’ అయింది. ఇంగ్లీషు పేరును ముక్కలుగా విడగొట్టి తెలుగు చేసి ఉంటే ఆ పేరు పొలం గట్టు దాటేది కాదు. మీరూ అదే దారి పట్టండి. ‘చుక్కల రెక్కల పురుగు, మన తేనెమంచు జాతిది’ అని రాయండి. మీ అమ్మగారికి కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది.

ఇక ‘కీటకం’. పాఠ్యపుస్తకంలో ఆరుకాళ్ళ జీవికి ఆ మాట సరైనదే, మీ పురుగుకూ వర్తిస్తుంది. ఇంటి జాబులో మాత్రం అది పరాయిగా ఉంటుంది. పైగా పురుగు అన్న మాట పరిధి చాలా పెద్దది. తొలకరికి ఎర్రటి మఖమల్ ఒంటితో నేల మీద పాకే ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్ళు. శాస్త్రం లెక్కలో అది కీటకం కాదు, మన లెక్కలో పురుగే.

ఈ పెద్ద పరిధి వల్లే ఒక చిక్కుంది, మీరు జాగ్రత్తగా ఉండాలి. మన పల్లెల్లో రాత్రిపూట పాము పేరెత్తడానికి జంకి ‘పురుగు’ అంటారు. ‘పురుగు ముట్టింది’ అంటే పాము కరిచిందనే. అందువల్ల మీ అమ్మాయికి ఏదైనా కుట్టినప్పుడు పెద్దవాళ్ళకు ‘పురుగు కరిచింది’ అని ఉత్తినే రాయకండి, వాళ్ళ గుండె ఆగినంత పనవుతుంది. దోమ, చీమ, కందిరీగ, తేలు కుడతాయి. పాము కరుస్తుంది. ఆ ప్రాంతపు గడ్డిలో తిరిగితే ‘టిక్’ పట్టుకుంటుందని, జ్వరం తెచ్చే జబ్బు అంటిస్తుందని కూడా మీ అమ్మాయి చెప్పే ఉంటుంది. దానికి కొత్త పేరు వెతకనక్కరలేదు. మన ఆవుల చెవుల్లో, గంగడోలు మడతల్లో కరుచుకుని ఉండే పిడుదు జాతే అది. ‘కాలికి పిడుదు పట్టింది, పీకేశారు, డాక్టరుకు చూపించారు’ అని రాస్తే చాలు.