స్పిన్ తర్వాత ఇంజన్ పుంజుకోకపోతే: సెస్నా ఏరోబాట్‌లో కార్బురేటర్ ఐసింగ్

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఇంగ్లండ్‌లో సెస్నా 150 ఏరోబాట్ మీద ఏరోబాటిక్స్ నేర్చుకుంటున్నారు. 16 డిగ్రీలున్న ఎండరోజున రెండో స్పిన్ (విమానం గిరగిరా తిరుగుతూ కిందికి పడే విన్యాసం) నుంచి బయటికొచ్చి థ్రాటిల్ తెరిస్తే ఇంజన్ వణుకుతూ కాసేపు పుంజుకోలేదు. అది ఐసింగా (గాలి, పెట్రోలు కలిసే కార్బురేటర్‌లో ఐస్ పట్టడమా), నెగటివ్ జీ (మనల్ని సీటు నుంచి పైకి లేపే బలం) వల్ల పెట్రోలు అందకపోవడమా? విన్యాసాలు చేసినంతసేపూ కార్బ్ హీట్ (కార్బురేటర్‌కు వేడి గాలి పంపే నాబ్) లాగి ఉంచేస్తే సరిపోతుందా?

నేనూ ఈ దేశంలోనే, ఈ రకం విమానం మీదే చాలాకాలంగా ఏరోబాటిక్స్ చేస్తున్నాను. మీరు చెప్పినదాన్ని బట్టి అది ఐసింగే అనుకుంటాను. అయితే ఆ ఐస్ స్పిన్‌లో పట్టింది కాదు, అంతకుముందే పట్టింది. ఈ సంగతి పట్టుకుంటే హీట్ ఎప్పుడు వాడాలో దానంతటదే తెలుస్తుంది.

ఒక చుట్టు స్పిన్ తిరిగి బయటపడటం కొన్ని సెకన్ల పని, ఎత్తు సుమారు 1000 అడుగులు పోతుంది. కానీ దానికి ముందు మీరు ఏం చేశారు? ఎత్తుకు ఎక్కారు, పవర్ తగ్గించి లెవెల్ అయ్యారు, హాసెల్ చెక్ (విన్యాసాలకు ముందు చేసే తనిఖీల జాబితా) చేశారు, చుట్టూ చూసుకోవడానికి టర్న్‌లు తిరిగారు. మొదటి స్పిన్ తర్వాత మళ్లీ ఎక్కారు. ఐస్ ఆ నిమిషాల్లో మెల్లగా పేరుకుంది. థ్రాటిల్ తెరిచి ఉన్నంతసేపు ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) కాస్త తగ్గినా, వేగం మారుతూ ఉండే ఏరోబాటిక్స్‌లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. స్పిన్ కోసం థ్రాటిల్ మూసేసరికి బటర్‌ఫ్లై (కార్బురేటర్‌లో గాలిని అదుపు చేసే పలక) చుట్టూ మిగిలేది సన్నని సందు. ఐస్ ఉండేది సరిగ్గా అక్కడే. ఆ తర్వాత థ్రాటిల్ తెరిచినా గాలి చాలదు, మిశ్రమం రిచ్ అవుతుంది (గాలికి తగిన దానికన్నా పెట్రోలు ఎక్కువవుతుంది), ఇంజన్ వణుకుతుంది.

16 డిగ్రీల్లో ఐస్ ఏమిటని మీకు అనిపించింది, సహజమే. ఇంజెక్షన్ ముందు చేతికి స్పిరిట్ రాస్తే చల్లగా తగులుతుంది కదా, పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు కూడా అదే జరుగుతుంది. దానికి వెంచురీలో (కార్బురేటర్‌లోని ఇరుకు గొట్టంలో) పీడనం తగ్గడం కూడా తోడై, కార్బురేటర్ లోపల ఉష్ణోగ్రత 20 నుంచి 30 డిగ్రీలు పడిపోగలదు. ఎండ ఉందా లేదా అన్నది కాదు, గాలిలో తేమ ఎంతుందన్నదే ప్రశ్న. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ హ్యాండ్‌బుక్ ప్రకారం 38 డిగ్రీల వేడిలో, 50 శాతం తేమలో కూడా ఐసింగ్ సాధ్యమే. అంటే మన కోస్తాలో వానాకాలం కూడా దీనికి మినహాయింపు కాదు. బ్రిటన్ విమానయాన సంస్థ సీఏఏ వారి సేఫ్టీ సెన్స్ కరపత్రంలో ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత)లతో వేసిన చార్టు ఒకటి ఉంది. దాన్ని ప్రింట్ తీసి మీ నీబోర్డుకు (తొడకు కట్టుకునే రాతపలకకు) పెట్టుకోండి. వాతావరణ రిపోర్టులో ఆ రెండు అంకెలూ దగ్గర దగ్గరగా ఉన్న రోజు, ఆకాశం ఎంత నీలంగా ఉన్నా నేను అనుమానంతోనే బయలుదేరతాను.

ఈ విమానానికి ఇంకో చిక్కుంది. 150లో ఉండే కాంటినెంటల్ ఓ-200 ఇంజన్‌కు కార్బురేటర్ ఆయిల్ సంప్‌కు (ఇంజన్ అడుగున వేడి ఆయిల్ ఉండే తొట్టికి) దూరంగా వేలాడుతుంది, దానికి వేడి తగలదు. సెస్నా 152లోని లైకమింగ్ ఓ-235లో కార్బురేటర్ సంప్‌కే బిగించి ఉంటుంది, అందుకే దాని మీద ఈ బెడద తక్కువ. తక్కువే, లేకపోలేదు. 152 మీద నేర్చుకుని 150కి మారినవాళ్లు పాత అలవాటుతో హీట్‌ను తేలిగ్గా తీసుకోవడం చూసినప్పుడల్లా నాకు భయం వేస్తుంది.

ఇక నెగటివ్ జీ సంగతి. ఏరోబాట్‌లో ఉన్నది ఫ్లోట్ కార్బురేటర్, తలకిందులుగా పెట్రోలు అందించే ఏర్పాటు లేదు. రోల్ సరిగ్గా రాక సీటు నుంచి పైకి లేచినట్టయిన క్షణంలోనే ఇంజన్ ఆగినంత పని చేస్తుంది, జీ పాజిటివ్‌లోకి రాగానే తేరుకుంటుంది. ఐసింగ్ అలా ఒక్కసారిగా రాదు, జీ సరిచేసినంత మాత్రాన పోదు. మీది స్పిన్ అయిపోయి, డైవ్ నుంచి పైకి లాగాక వచ్చింది. అప్పుడు జీ పాజిటివ్‌గానే ఉంటుంది కాబట్టి నెగటివ్ జీని నేను పక్కన పెడుతున్నాను.

హీట్ లాగి ఉంచేయడం మాత్రం వద్దు. వేడి గాలి పలచన, పవర్ 15 శాతం దాకా పోవచ్చు. ఫుల్ థ్రాటిల్‌లో డిటోనేషన్ (సిలిండర్‌లో మిశ్రమం ఒక్కసారిగా పేలడం) ప్రమాదం ఉంది. పైగా ఆ గాలి ఫిల్టర్ గుండా రాదు. లూప్ పైభాగానికి చేరడానికే 100 హార్స్‌పవర్ చాలీచాలని విమానమిది.

నేను చేసేది ఇది. హాసెల్‌లో ఇంజన్ అంశం దగ్గరికి రాగానే హీట్ పూర్తిగా లాగి కనీసం 15 సెకన్లు ఉంచుతాను. ఆర్‌పీఎం తగ్గి అక్కడే నిలిచి, హీట్ మూశాక పాత అంకెకే వస్తే ఐస్ లేనట్టు. తగ్గి, తర్వాత మెల్లగా పెరిగితే, మూశాక ముందుకంటే ఎక్కువ చూపిస్తే ఐస్ ఉండి కరిగినట్టు. ఒక అక్టోబరులో, వాన వెలిసి ఆకాశం తేటపడిన మధ్యాహ్నం ఇలాగే లాగితే ఇంజన్ గరగరమంటూ ఊగిపోయి, ఆ తర్వాత ఆర్‌పీఎం మొదటికన్నా పైకి ఎక్కింది. ఆ రోజు స్పిన్‌లు మానేసి, థ్రాటిల్ మూయనక్కర్లేని రోల్స్ మాత్రం చేసి దిగిపోయాను. ఈ పరీక్ష రోజుకోసారి చేస్తే చాలదు. ప్రతి రెండు మూడు విన్యాసాలకోసారి, మళ్లీ ఎక్కడం మొదలుపెట్టే ముందు చేయాలి. స్పిన్‌కు ముందు హీట్ లాగి పెట్టి, ఆ తర్వాతే థ్రాటిల్ మూస్తాను. బయటికొచ్చాక హీట్ మూస్తూ పవర్ తెరుస్తాను. మీ విమానం హ్యాండ్‌బుక్, మీ ఇన్‌స్ట్రక్టర్ వేరే క్రమం చెబితే వాళ్ల మాటే వినండి.

మళ్లీ అలా జరిగితే హీట్ పూర్తిగా లాగండి. సగం లాగితే, సున్నాకు బాగా దిగువన పొడిగా ఉన్న గాలి సరిగ్గా ఐస్ పట్టే ఉష్ణోగ్రతకు చేరుకోవచ్చు. లాగాక ఇంజన్ ఇంకా ఎక్కువ వణుకుతుంది, కరిగిన నీళ్లు సిలిండర్లలోకి పోతుంటాయి కాబట్టి. ఆ క్షణంలో చేయి దానంతటదే నాబ్‌ను లోపలికి నెట్టబోతుంది. నెట్టొద్దు. ఈ వేడి వచ్చేది ఎగ్జాస్ట్ నుంచే, ఇంజన్ ఆగితే అదీ ఉండదు. అందుకే ఆలస్యం కూడా చేయకూడదు.

తర్వాతి ఫ్లైట్‌కు ముందు నేలమీద రన్-అప్‌లో (బయలుదేరే ముందు ఇంజన్ పరీక్షలో) హీట్ లాగినప్పుడు ఆర్‌పీఎం ఎంత పడుతోందో చూడండి. ఎప్పుడూ పడేదానికన్నా తక్కువ పడుతుంటే లోపలి ఫ్లాప్ పూర్తిగా తెరుచుకోవడం లేదేమో, వేడి గాలి గొట్టం చిరిగిందేమో. ఇంజనీరుకు చెప్పి కౌలింగ్ (ఇంజన్ మూత) విప్పించి, ఆ తర్వాతే స్పిన్‌లకు వెళ్లండి.