ఎకరం అమ్మితే ఎన్నికకు సరిపోతుందా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. రెండెకరాల పత్తి. అమ్మాయి హన్మకొండలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. లా చదివి రాజకీయాల్లోకి వెళ్తానంటోంది. లేదంటే హైదరాబాద్‌లో పార్టీలకు సర్వేలు చేసే కన్సల్టెన్సీలో చేరుతుందట. ఏది మేలు? ఒక ఎకరం ఆమె పెళ్లికని ఉంచాను, అది రాజకీయాల్లో పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. కొడుకైతే చూసేవాణ్ని. – ఒక తండ్రి

జవాబు: ఎన్నికలైన ప్రతిసారీ ఇలాంటి ఉత్తరాలు వస్తాయి. కోర్సు పేరు మారుతుంది, భూమి మాట మారదు. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

నామినేషన్‌కు భూమి అమ్మక్కర్లేదు. సర్పంచ్ డిపాజిట్ 2,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 1,000. ఖర్చు పరిమితి 5,000 జనాభా దాటిన ఊళ్లో రెండున్నర లక్షలు, చిన్న ఊళ్లో లక్షన్నర. ఎమ్మెల్యేకు 40 లక్షలు. అసలు ఖర్చు ఈ లెక్కలకు దొరకదు. వెంట తిరిగే పిల్లల బిర్యానీ, బండ్లకు పెట్రోలు, కుల సంఘానికి ఒప్పుకున్న చందా, పోలింగ్ ముందు రాత్రి పంచేది. పార్టీ సొంతంగా పెట్టే ఖర్చుకు చట్టంలో పరిమితే లేదు. టికెట్ కోసం పోతే మొదట అడిగేది, "ఎంత పెట్టుకుంటవ్?"

సర్పంచ్ సీట్లలో సగం ఆడవాళ్లవే. రిజర్వేషన్ వల్ల కూలికి పోయే తల్లి కూడా నామినేషన్ వేయగలదు, ఖర్చు మాత్రం ఇంకెవరో పెడతారు. గెలిచాక పెత్తనమూ వాళ్లదే. పరిమితి పెద్దదైన అసెంబ్లీలో చూడండి, 2023లో గెలిచిన 119 మందిలో ఆడవాళ్లు 10 మందే. గెలిచినా ఖర్చు ఆగదు. 2024 ఫిబ్రవరిలో దిగిపోయిన సర్పంచులు, అప్పులు తెచ్చి చేయించిన పనుల బిల్లుల కోసం రోడ్డెక్కడం మీరూ చూసే ఉంటారు.

ఇక మీ మీద నాకున్న కోపం. పెళ్లికి అమ్మడానికి వెనకాడని ఎకరం, ఆమె ఆశ దగ్గరికి వచ్చేసరికి ప్రాణంతో సమానమైందా? "కొడుకైతే" అన్న మాట ఆమె ముందు కూడా అన్నారా? 2025 డిసెంబర్ సర్పంచ్ ఎన్నికల్లో మీ గడపకు ఓటు డబ్బుల కవర్ వస్తే తిప్పి పంపారా? నాకు రాయక్కర్లేదు లెండి.

కన్సల్టెన్సీ మీద నాకు చాలా అనుమానాలున్నాయి. ఇప్పుడు పిల్లలందరి నోటా అదే. ఎన్నికల ముందు ఆరు నెలలు ల్యాప్‌టాప్, జీతం, నాయకుడితో సెల్ఫీ. ఫలితాలు రాగానే ప్రాజెక్టు మూత. 2023 డిసెంబర్‌లో అలా తిరిగొచ్చి నా ముందు కూర్చున్న పిల్లలున్నారు. పైగా అక్కడ ఆమె పని, డబ్బున్న అభ్యర్థికి ఓట్లు లెక్కగట్టి ఇవ్వడం. తను రేపు చేతిలో రూపాయి లేకుండా ఎలా నిలబడాలో అక్కడెవరూ చెప్పరు.

లా చదవనివ్వండి. హన్మకొండ సుబేదారిలో కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ ఉంది, డిగ్రీ తర్వాత మూడేళ్లు. ప్రాక్టీసు మొదట్లో సీనియర్ ఇచ్చేది బస్సు చార్జీలకే సరిపోతుంది, అదీ తెలిసి ఉండండి. కానీ పాసుబుక్కులో పేరు తప్పు పడ్డవాళ్లు, పింఛను ఆగినవాళ్లు రోజూ ఆమె దగ్గరికి వస్తారు. జనంలో ఉండటానికి ఆమె ఎదురు పెట్టుబడి పెట్టక్కర్లేదు. వచ్చే సర్పంచ్ ఎన్నికలకు ఇంకా ఏళ్లున్నాయి. అప్పుడు పోటీ చేసి ఓడినా, మర్నాడు పొద్దున కోర్టుకు వెళ్లే పని ఉంటుంది. మీ భయానికి నా దగ్గరున్న మందు ఇదే.

ఇంట్లో ఒక మాట అనుకోండి: పోటీకి అప్పు చేయదు, భూమి అమ్మరు. ఈసారి గ్రామసభకు ఆమెను తీసుకెళ్లండి. మాట్లాడేది ఆమె, మీరు వెనక వరసలో కూర్చోండి.