కాళ్లకు బరువులు కట్టుకుని ఇంటి పనంతా చేసుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. మాది హనుమకొండ. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 72 కిలోలు. మూడు నెలల సగటు షుగర్ 6.1 వచ్చింది, బార్డర్‌లో ఉన్నారన్నారు, మందులేమీ ఇవ్వలేదు. రీల్స్ చూసి కాళ్లకు కట్టుకునే కిలో బరువులు, చేతులకు కట్టుకునే అరకిలో బరువులు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. పొద్దున కట్టుకున్నానంటే ముప్పావుగంట వాకింగ్, తర్వాత వంట, ఇంటి పని అన్నీ వాటితోనే, మధ్యాహ్నం భోజనం దాకా తీయను. నెల దాటినా బరువు తగ్గలేదు సరికదా ఎడమ మోకాలి ముందు వైపు నొప్పి మొదలైంది, మెట్లు దిగేటప్పుడు, కింద కూర్చుని లేచేటప్పుడు ఎక్కువ. మెడ కూడా పట్టేస్తోంది. మా అత్తయ్యకు 74 ఏళ్లు. ‘మేం నలభై తులాల వెండి కడియాలతో నాట్లు వేశాం, మాకేం కాలేదు’ అంటారు. ఇప్పుడు తనకూ ఓ జత తెప్పించమంటున్నారు. నేను వీటిని వాడాలా, మానేయాలా? – ఒక పాఠకురాలు

జవాబు: నడకకూ ఇంటి పనికీ వాటిని కట్టుకోవడం ఇవాళే ఆపేయండమ్మా. అలాగని పారేయొద్దు, వాటితో చేయాల్సిన పని వేరే ఉంది, అది కింద రాస్తాను. రీల్స్‌లో చూపించేవాళ్లు నడకనూ, ఒకచోట ఉండి చేసే ఆ వ్యాయామాన్నీ కలిపేస్తున్నారు, మీ నొప్పికి ఎక్కువ అవకాశం ఉన్న కారణం కూడా అదే.

ముందు కేలరీల సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు కొన్నది బరువు తగ్గడానికే కదా. 72 కిలోల మనిషి మామూలు చురుకుతో ముప్పావుగంట నడిస్తే ఉజ్జాయింపుగా 190 కేలరీలు ఖర్చవుతాయి. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ చెప్పే లెక్క ప్రకారం కాళ్లకు అరకిలో నుంచి కిలోన్నర లోపు బరువు కట్టుకుని నడిస్తే శరీరం వాడుకునే ఆక్సిజన్ 5 నుంచి 10 శాతం పెరుగుతుంది, గుండె నిమిషానికి మూడు నుంచి ఐదుసార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. ఆ శాతాన్ని మీ 190కి వేసి చూడండి, పది నుంచి ఇరవై కేలరీలు. టీలో ముంచుకునే ఒక్క మారీ బిస్కెట్టుకు కూడా సరిపోదు! వంటింట్లో నిలబడి కూరగాయలు తరిగే సేపు కాళ్లకు కట్టిన బరువు చేసేది ఇంకా తక్కువ, ఎందుకంటే నిలబడి ఉన్నప్పుడు దాన్ని మోసేది నేలే గానీ మీ కండరాలు కాదు. కాబట్టి నెలరోజులు కష్టపడినా కాటా మీద ముల్లు కదల్లేదంటే అందులో మీ లోపమేమీ లేదు.

ఇక మోకాలు. నడిచేటప్పుడు వెనక కాలు నేల వదిలి, గాల్లో ఊగి, ముందుకొచ్చి ఆనుతుంది. ఊగే ఆ క్షణంలో మడమ దగ్గర కిలో బరువు వేలాడుతుంటే తొడ పైభాగంలోనూ తుంటి ముందరా ఉన్న కండరాలు కాలిని ముందుకు లాగడానికి ఎక్కువ కష్టపడాలి, తీరా ముందుకొచ్చాక ఆ ఊపును ఆపడానికి తొడ వెనక కండరాలు బ్రేక్ వేయాలి, ఆ లాగుళ్లన్నీ మోకాలి మీదుగానే జరుగుతాయి. నడుముకు కట్టిన కిలో వేరు, మడమకు కట్టిన కిలో వేరు, కీలుకు ఎంత దూరంగా ఉంటే బరువు అంత గట్టిగా లాగుతుంది. నిమిషానికి వంద అడుగుల చొప్పున చూసినా ముప్పావుగంటకు నాలుగున్నర వేల అడుగులు, అంటే ఒక్కో కాలు రెండు వేలకు పైగా సార్లు ఆ కిలోను ఊపుతుంది. జిమ్‌లో ఎవరైనా ఒక కండరానికి ఒకే వ్యాయామం రెండు వేలసార్లు చేయించడం చూశారా? ఆ పైన మీరు మధ్యాహ్నం దాకా ఇంట్లో తిరిగారు. అలసిపోయిన కాలు అడుగు వేసే తీరు మారిపోతుంది, పాదం ఈడ్చడం, మోకాలు లోపలికి వాలడం లాంటివి మనకు తెలియకుండానే మొదలవుతాయి.

మెట్లు దిగేటప్పుడూ కింద నుంచి లేచేటప్పుడూ ముందు వైపు నొప్పి అంటున్నారు కాబట్టి మోకాలి చిప్ప, తొడ ఎముకతో ఆనే చోట ఒత్తిడి పెరిగి ఉండొచ్చని నా అంచనా. చూడకుండా ఖాయంగా చెప్పలేను. 46 ఏళ్ల వయసు, 72 కిలోల బరువు అంటున్నారు గనక అరుగుదల అప్పటికే కొంచెం మొదలై, ఈ బరువులతో బయటపడి ఉండడానికీ వీలుంది.

మీ అత్తయ్యగారి కడియాల మాట కొట్టిపారేసేది కాదు, చాలామంది ఇదే అడుగుతారు. నలభై తులాల జత అంటే ఒక్కో కాలికి పావుకిలోకి అటూఇటూ, మీరు కట్టుకున్నదాంట్లో నాలుగో వంతు. పైగా వాళ్లు కాలు ఎదిగే వయసు నుంచే అలవాటుపడ్డారు, నాట్లేసే బురదలో మనలా చేతులూపుకుంటూ బ్రిస్క్ వాక్ చేయలేదు. మాకేం కాలేదు అనేవాళ్లు నాకు క్లినిక్‌లో రోజూ కనిపిస్తారు లెండి, మోకాలు పట్టుకునే ఆ మాట అంటారు.

చేతుల విషయానికొస్తే, మణికట్టు బరువులు కాళ్లవాటి కన్నా నడకకు కొంచెం నయమే, గుండె వేగం పెరగడానికి పనికొస్తాయి, చేతులు ఎంత ఊపితే అంత. కానీ మీరు అరకిలో కట్టుకుని ఉల్లిపాయలు తరిగారు, చపాతీలు ఒత్తారు, పై అరలో డబ్బాలు దించారు. చెయ్యి ముందుకు చాచి ఉంచినంతసేపూ ఆ బరువును భుజమూ మెడ పక్కన కండరాలూ పట్టి ఉంచాలి. మెడ పట్టేయక ఏం చేస్తుంది! ఇంకో సంగతి, షుగర్ ఉన్నవాళ్లలో నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య భుజం బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ ఎక్కువగా వస్తుంది, మీరు బార్డర్‌లో ఉన్నారు కాబట్టి భుజాన్ని అనవసరంగా ఇబ్బంది పెట్టొద్దు. పొయ్యి దగ్గర ఆ సింథటిక్ పట్టీలతో పని చేయడం ప్రమాదమని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. చెమటకు తడిసిన పట్టీ గంటల తరబడి చర్మానికి అంటుకుని ఉంటే దురదలు, ఒరుపులు కూడా వస్తాయి.

మరి వాటిని దేనికి వాడాలి? ఫిజియోథెరపీ గదుల్లో ఇవే పట్టీలను వెయిట్ కఫ్‌లంటారు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకూ అరుగుదల ఉన్నవాళ్లకూ వీటితోనే తొడ కండరాలకు బలం తెప్పిస్తారు. అక్కడ మనిషి పడుకుని గానీ ఒకచోట నిలబడి గానీ ఉంటారు, కాలు నెమ్మదిగా లేస్తుంది, నెమ్మదిగా దిగుతుంది, పది పన్నెండుసార్లు అవ్వగానే ఆపేస్తారు. పని అయిపోగానే పట్టీ విప్పేస్తారు. మీరు చేయాల్సింది అదే.

వారం పది రోజులు ఏ బరువూ లేకుండా మొదలుపెట్టండి. చాప మీద వెల్లకిలా పడుకుని కుడి మోకాలు మడిచి పాదం నేలకు ఆనించి, ఎడమ కాలు తిన్నగా చాపి ఉంచి, తొడ బిగించి, ఒక అడుగు ఎత్తు లేపి, ఐదు అంకెలు లెక్కపెట్టి మెల్లగా దించండి, దబ్బున వదిలేయకూడదు, దించడంలోనే సగం వ్యాయామం ఉంది. ఇలా పది, తర్వాత రెండో కాలు. ఊపిరి బిగబట్టకండి, బీపీ ఉన్నవాళ్లకు అది అసలు మంచిది కాదు. తర్వాత పక్కకు తిరిగి పడుకుని పై కాలిని నేరుగా పైకి లేపడం, ఇది తుంటి పక్క కండరాలకు, మోకాలు లోపలికి వాలకుండా పట్టి ఉంచేవి అవే, ఆడవాళ్ల మోకాలి నొప్పుల్లో దీని మీద పెద్దగా ఎవరూ దృష్టి పెట్టరు గానీ నా అనుభవంలో చాలా తేడా చూపిస్తుంది. మూడోది, గోడ పట్టుకుని నిలబడి మడమను వెనక్కి, పిరుదుల వైపు మడవడం. ఒక్కోటి పదేసి చొప్పున రెండు మూడు విడతలు, రోజు విడిచి రోజు చాలు. కుర్చీలో కూర్చుని కాలికి బరువు కట్టి ముందుకు చాపే వ్యాయామం యూట్యూబ్‌లో అందరూ చూపిస్తారు, చిప్ప దగ్గర నొప్పి తగ్గేదాకా మీరు దాని జోలికి పోవద్దు.

పది పన్నెండు తేలిగ్గా లేపగలుగుతున్నారంటే అప్పుడు అరకిలో కట్టండి. మీ కిలో పట్టీలో ఇసుక పొట్లాలు విడివిడిగా తీసే రకమైతే సగం తీసేయండి, లేదంటే చేతులకు కొన్న అరకిలో పట్టీ కాలికి చుట్టుకునేంత పొడుగుంటే అదే వాడుకోండి, కొత్తది కొనక్కర్లేదు. కిలోకి వెళ్లడానికి తొందరేం లేదు, నెలా రెండు నెలలు పట్టినా పర్వాలేదు. కండరం లాగినట్టు, కాస్త మంటగా ఉంటే ఫర్వాలేదు గానీ కీలులో పోటు వచ్చినా, మర్నాడు పొద్దుటికి మోకాలు నిన్నటికన్నా ఎక్కువ నొప్పిగా ఉన్నా, ఒక మెట్టు వెనక్కి రండి.

నడక మాత్రం ఖాళీ కాళ్లతోనే. భద్రకాళి బండ్ మీద నడుస్తారో మీ కాలనీ రోడ్ల మీద నడుస్తారో రాయలేదు, గుంతలూ స్పీడ్ బ్రేకర్లూ కుక్కలూ ఉన్న రోడ్డయితే కాలికి బరువు కట్టుకోవడం పడిపోవడానికి అదనపు ఏర్పాటు చేసుకోవడమే. కష్టం పెంచాలనుకుంటే వేగం పెంచండి: మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, ఆ వేగం చాలు. రెండు నిమిషాలు గట్టిగా, రెండు నిమిషాలు మామూలుగా నడిచినా గుండె వేగం పెరుగుతుంది, దానికి కీళ్లు అదనపు రుసుము అడగవు. ఇప్పుడు కొత్తగా బరువుల జాకెట్లు కూడా వచ్చాయి, అవి నడుము పైన ఉంటాయి కాబట్టి నడక తీరును అంతగా మార్చవు, కానీ మోకాలి నొప్పి ఉన్న మనిషికి పై నుంచి ఇంకో ఐదు కిలోలు వేయడం ఎందుకు, మనం దించాలని చూస్తున్నది ఆ ఐదు కిలోలే కదా.

ఆ ఐదు కిలోలు ఊరికే అనలేదు. షుగర్ బార్డర్‌లో ఉన్నవాళ్లను తీసుకుని అమెరికాలో చేసిన పెద్ద అధ్యయనం ఒకటి 2002లో వచ్చింది, వాళ్లు పెట్టుకున్న లక్ష్యం శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం, అందులో ఎక్కువ భాగం చురుకైన నడకే. ఆ దారిలో వెళ్లినవాళ్లలో షుగర్ వ్యాధిగా మారే ముప్పు 58 శాతం తగ్గింది, షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్ల కన్నా మెరుగ్గా. మీకు 7 శాతమంటే ఐదు కిలోలు. చెన్నై డాక్టర్లు మనవాళ్ల మీద చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో ఆహారం, నడక మార్పులతో తగ్గిన ముప్పు 28 శాతం పైచిలుకు, అంటే మన దగ్గర ఫలితం కొంచెం తక్కువే అయినా తీసిపారేసేంత తక్కువ కాదు. మీరు చేస్తున్న ముప్పావుగంట వారానికి ఐదు రోజులున్నా ఆ 150 దాటిపోతారు, కాబట్టి నడకలో మీకు లోటు లేదు, చూడాల్సింది పళ్లెం వైపు. అన్నం ఎంత, చపాతీ ఎన్ని, సాయంత్రం టీతో ఏం తింటున్నారు, ఇవేవీ రాయలేదు మీరు. నాది ఒక్కటే సూచన, ఆ ముప్పావుగంటలోంచి పావుగంట తీసి రాత్రి భోజనం అయ్యాక నడవండి, తిన్న వెంటనే పెరిగే షుగర్‌ను కాళ్ల కండరాలు వాడేసుకుంటాయి. సీరియల్ అయ్యాక కాదు, తిన్నాక.

మీ అత్తయ్యగారికి జత తెప్పించొద్దు. 74 ఏళ్ల వయసులో మనం భయపడేది పడిపోవడానికీ తుంటి ఎముక విరగడానికీ, కాలికి బరువు కడితే తడబడే అవకాశం పెరుగుతుంది. ఆవిడ ఉత్సాహం మాత్రం పోనివ్వకండి. గట్టి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం కూర్చోవడం, వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, ఒక కాలి మీద కొద్ది సెకన్లు నిలబడడం, ఇవి చేయించండి, మీరు పక్కనే ఉండండి. అరవై ఐదు దాటినవాళ్లు వారంలో మూడు రోజులైనా బ్యాలెన్స్ వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. ఆవిడకు షుగర్ ఉండి అరికాళ్లు మొద్దుబారి ఉంటే ఏ పట్టీ కూడా చర్మానికి ఒరుసుకోకూడదు, పుండు పడినా తెలియదు. కాళ్లలో రక్తప్రసరణ తక్కువున్నవాళ్లు, పాదాల వాపులున్నవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు కూడా డాక్టర్‌ను అడగకుండా కట్టుకోవద్దు. డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలను కలిపే ఫిస్టులా పెట్టించుకున్నవాళ్లు ఆ చేతికి గాజు బిగుతైనా ఉంచుకోకూడదు, బరువు సంగతి చెప్పేదేముంది.

బరువులు ఆపేసి, కింద కూర్చోవడం తగ్గించి, పై వ్యాయామాలు చేస్తే మూడు నాలుగు వారాల్లో నొప్పిలో తేడా తెలియాలి. తెలియకపోతే ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించుకోండి, అవసరమైతే నిలబెట్టి ఎక్స్‌రే తీస్తారు. మోకాలు వాచినా, మడత పడి బిగుసుకుపోయినా, నడుస్తుంటే ఒక్కసారిగా జారిపోయినట్టు అనిపించినా అన్ని వారాలు ఆగొద్దు. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే ఆ రోజే వెళ్లాలి. ఫిజియోథెరపిస్ట్ దగ్గరకు వెళ్తే మీ పట్టీలు కూడా సంచిలో వేసుకెళ్లండి, మీ కాలికి ఎంత బరువు సరిపోతుందో అక్కడే కట్టి చూసి చెప్తారు.