మినిట్స్ బుక్కులో రెండు ఖాళీ లైన్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సంఘాల గురించే. ఎన్నికలు అయిపోయి కొత్త కార్యవర్గాలు కూర్చునే రోజులు కాబోలు. నేను ముప్పై ఒక్క ఏళ్లు లైబ్రేరియన్‌గా చేసి హనుమకొండలో రిటైరైనవాణ్ణి. మధ్యలో రెండు దఫాలు ఒక రాష్ట్ర గ్రంథాలయ సంఘం పాలకవర్గంలో ఉన్నాను. ఒకసారి మామూలు సభ్యుణ్ణి, ఒకసారి సహాయ కార్యదర్శిని. సంఘం పేరు అడక్కండి. పేరు చెప్పాల్సి వస్తే కింద రాసిన వాటిలో సగం రాయలేను.

ప్రశ్న: మా జిల్లా తరఫున రాష్ట్ర గ్రంథాలయ సంఘం కార్యవర్గానికి ఎన్నికయ్యాను. ఊళ్లో అప్పుడే రెండు శాలువాలు కప్పారు. ఒకరు లైబ్రరీకి ఫ్యాన్లు ఇప్పించమంటారు, ఒకరు బదిలీ చేయించమంటారు. అసలు నా చేతిలో ఏముంది సార్? (ఒక పాఠకుడు, జగిత్యాల)

జవాబు: తమ్ముడూ, ఫ్యాన్లు నీ చేతిలో లేవు. ఆ ముక్క శాలువా కప్పేటప్పుడే చెప్పేస్తే నీకూ వాళ్లకూ బాగుండేది.

మనవాళ్లు మూడింటిని కలిపేస్తారు. జిల్లా గ్రంథాలయ సంస్థ 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఏర్పడింది. దాని చైర్మన్‌ను ప్రభుత్వం నియమిస్తుంది, దానికి సెస్సు డబ్బు వస్తుంది. ఫ్యాన్లు, కుర్చీలు, పేపర్ బిల్లులు ఆ ఆఫీసులో తేలాల్సినవి. బదిలీలు, ప్రమోషన్ల గొడవ ఉద్యోగుల యూనియన్ చూసుకుంటుంది. నువ్వు ఎన్నికైన సంఘం ఈ రెండూ కాదు. అది సభ్యులు చందా కట్టుకుని నడుపుకునే సొసైటీ. నిన్ను ఏ జీవో నియమించలేదు, తోటివాళ్లు ఓటేశారు. నీ దగ్గర ఉన్నది ఆ చందా, ఆ నోరు. శిక్షణ తరగతులు పెట్టడం, పత్రిక నడపడం, నవంబర్ 14 నుంచి 20 వరకు వారోత్సవాలు నలుగురికీ పనికొచ్చేలా చేయించడం, ప్రభుత్వం ముందు లైబ్రరీల తరఫున మాట్లాడటం నీ పనులు.

ఇది చిన్న పని అనుకోకు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టినప్పుడు గ్రంథాలయ చట్టమూ లేదు, సెస్సూ లేదు. అంతకు పదేళ్ల ముందే, 1904లో, మన హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. తెలుగు పుస్తకం చదువుకోవడానికి మనవాళ్లు ఎవరి జీవో కోసమూ ఆగలేదు.

మొదటి మీటింగుకు వెళ్లేలోపు కార్యదర్శిని మూడు కాగితాలు అడుగు: బైలాస్ (అంటే సంఘం నియమావళి), కిందటేడు ఆడిట్ రిపోర్టు, గత మూడు సమావేశాల మినిట్స్. "గవన్నీ ఇప్పుడెందుకన్నా, ముందు పరిచయాలు కానియ్యి" అంటారు. అయినా అడుగు. మొదటి మీటింగులో ఎక్కువ మాట్లాడకు. ఎవరు ఎవరి ముఖం చూసి చెయ్యెత్తుతున్నారో గమనించు, చాలు. తిరిగొచ్చాక నీకు ఓటేసినవాళ్లకు ఒక పేజీ రాసి పంపు. నేను మొదటి దఫాలో ఆ పని చేయలేదు. రెండోసారి ఓట్లు అడగడానికి పోతే ఒకాయన నన్ను గుర్తుపట్టలేదు.

ప్రశ్న: మా సంఘం కార్యదర్శి మీటింగులో ఏమీ రాయరు. రిజిస్టర్‌లో మాతో సంతకాలు పెట్టించుకుని, వారం తర్వాత ఇంట్లో కూర్చుని మినిట్స్ రాసుకుంటారు. అడిగితే "నా మీద నమ్మకం లేదామ్మా?" అంటారు. ఆయన నిజంగా మంచివారే. సంతకం పెట్టనంటే గొడవవుతుంది. ఏం చేయాలి? (ఒక పాఠకురాలు, పరకాల)

జవాబు: అమ్మా, నేనూ నమ్మకం మీదే పెట్టాను.

నేను సహాయ కార్యదర్శిగా ఉన్న రోజులు. హైదరాబాద్‌లో ఆదివారం మీటింగు. మూడు గంటలకు భోజనాలయ్యాయి. కాజీపేట రైలు టెన్షన్ నాది. ఎజెండాలో ఏడు అంశాలు, ఏడూ రాసి ఉన్నాయి. ఏడో అంశానికీ సంతకాలకీ మధ్య రెండు లైన్లు ఖాళీ. చూశాను కూడా. రైలు పోతుందని సంతకం గీకి బయటపడ్డాను.

మూడు నెలలకు ఆడిటర్ ఫోన్ చేశాడు. "సార్, ఆరు స్టీలు బీరువాలు కొన్నట్టు తీర్మానం ఉంది. కొటేషన్లు ఎక్కడ?" నాకు బీరువాల సంగతే తెలియదు. వెళ్లి రిజిస్టర్ తెరిస్తే ఆ రెండు లైన్లలో చీమల బారులాగా సన్నటి అక్షరాలతో ఎనిమిదో అంశం ఇరికించి ఉంది. కింద నా సంతకం గుండ్రంగా, నిబ్బరంగా ఉంది. గదిలో లెక్కపెడితే బీరువాలు నాలుగు. మిగతా రెండూ మరమ్మతుకు పోయాయన్నారు. కొత్త బీరువాలకు మరమ్మతేమిటో నాకిప్పటికీ తెలియదు. అవి తిరిగి రాలేదు.

సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దమనిషి లేచి నన్ను ఒకటే అడిగాడు. "మీరు సంతకం పెట్టిన్రా, పెట్టలేదా?" పెట్టానన్నాను. ఆ తర్వాత నేనేం చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు.

కాబట్టి మీరు చేయాల్సింది చెప్తాను. మీటింగుకు వచ్చినట్టు పెట్టే సంతకం వేరు, మినిట్స్‌ను ఒప్పుకుంటూ పెట్టే సంతకం వేరు. పేజీ పైన "హాజరు" అని తేదీతో రాసి ఉంటేనే మొదటిది పెట్టండి. ఆ మాట లేకపోతే మీరే రాసి, దాని కింద పెట్టండి. తీర్మానాలను జనం భోజనానికి లేవకముందే పైకి చదవమని అడగండి. రెండు నిమిషాల పని. చదివాక మిగిలిన ఖాళీకి అడ్డంగా ఒక గీత కొట్టండి. మినిట్స్ ఖరారయ్యేది తర్వాతి మీటింగులో కదా, అప్పుడు మళ్లీ చదివించండి. మీరు ఒప్పుకోని తీర్మానం ఉంటే "నా అసమ్మతి నమోదు చేయండి" అనండి. ఉపన్యాసం అక్కర్లేదు, ఆ ఒక్క వాక్యం చాలు. రాయనంటే, ఆ సాయంత్రమే ఏం జరిగిందో నాలుగు ముక్కలు రాసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టండి, ఒక కాపీ స్పీడ్ పోస్టులో పంపండి. పోస్టు రసీదు జాగ్రత్త.

ఇక "నమ్మకం లేదా" అన్న మాటకు నేను నేర్చుకున్న జవాబు ఇది: "నమ్మకం లేక కాదు సార్. రేపు మిమ్మల్ని ఎవరైనా వేలెత్తి చూపిస్తే మీ తరఫున చెప్పడానికి నా దగ్గర కాగితం ఉండాలి కదా." మంచివారైతే నవ్వి ఒప్పుకుంటారు. అప్పుడూ కోపం వస్తే, ఆ కోపం గురించి కాస్త ఆలోచించండి.

ఖాళీకి గీత కొట్టే అలవాటు నాకు ఇంట్లోనూ అంటుకుంది. పాల లెక్క నోటుబుక్కులో కూడా కొడతానని మా ఆవిడ అందరికీ చెప్పుకుంటుంది.

ప్రశ్న: మా పంచాయతీ ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తోంది. లైబ్రరీలో మాత్రం రెండేళ్లుగా కొత్త పుస్తకం లేదు. పేపర్లు కూడా మేమే తలా ఇంత వేసుకుని తెప్పించుకుంటున్నాం. రాష్ట్ర సంఘం దీని గురించి అడగకూడదా? (ఒక పాఠకుడు, మంథని దగ్గరి పల్లె)

జవాబు: అడగొచ్చు, అడగాలి. ఎట్లా అడుగుతారన్న దగ్గరే మా పాలకవర్గం ఐదేళ్లు బోల్తా పడింది.

సెస్సు రూపాయి పన్నుకు 8 పైసలు. ఇంటి పన్ను 1,000 రూపాయలైతే సెస్సు 80. అది పంచాయతీ సొమ్ము కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థ కోసం పన్నుతో పాటు వసూలు చేసి, ఆ సంస్థకు జమ చేయాల్సిన సొమ్ము. మునిసిపాలిటీకైనా అంతే. మధ్యలో కరెంటు బిల్లో, పారిశుధ్యమో అడ్డం వస్తుంది, ఇది ఆగిపోతుంది.

మేం ఏటా మెమొరాండం ఇచ్చేవాళ్లం. "సెస్సు బకాయిలను తక్షణం చెల్లింపజేయాలని ఈ సంఘం కోరుచున్నది." ఏటేటా అదే వాక్యం, తేదీ ఒక్కటే మారేది. ఒక ఏడు అధికారి ఫైలు తెరిచి, కిందటేటి కాగితాన్ని ఈ ఏటి కాగితం పక్కన పెట్టి, మాకు టీ చెప్పాడు. ఆ మరుసటేడు ఒక జిల్లా ప్రతినిధి అడ్డగీతల కాగితం మీద లెక్క తెచ్చాడు. పంచాయతీ పేరు, డిమాండ్ ఎంత, వసూలు ఎంత, సంస్థకు కట్టింది ఎంత. ఆ రోజు అధికారి జేబులోంచి పెన్ను తీశాడు. డబ్బు మొత్తం రాలేదు. కొన్ని ఊళ్ల నుంచి వచ్చింది.

మీరు చేయాల్సింది ఆ కాగితం తయారు చేయడమే. సమాచార హక్కు కింద పంచాయతీలో దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మూడేళ్ల వసూలు, జమ, చలానా తేదీలు అడగండి. అదే ప్రశ్న జిల్లా గ్రంథాలయ సంస్థకూ వేయండి: ఫలానా పంచాయతీ నుంచి మీకు ఎంత ముట్టింది? రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి మీ జిల్లా ప్రతినిధి చేతికివ్వండి. పైన జగిత్యాల తమ్ముడు ఉన్నాడు చూడండి, అలాంటివాళ్లకు ఇంతకంటే మంచి శాలువా లేదు.

ప్రశ్న: గ్రంథాలయ సంఘంలో జీవిత సభ్యత్వం తీసుకుంటే ఉద్యోగానికి పనికొస్తుందా? (లైబ్రరీ సైన్స్ విద్యార్థిని, హనుమకొండ)

జవాబు: మార్కులు కలవవమ్మా. పరిచయాలు కలుస్తాయి. ముందు ఒక ఏడాది సభ్యత్వం తీసుకుని చూడు.

ప్రశ్న: మా కార్యవర్గ సభ్యుడొకరు కవి. ఆయన సంపుటి ప్రతి శాఖ పది కాపీలు కొనాలని తీర్మానం పెడుతున్నారు. కాదంటే నొచ్చుకుంటారు. (కరీంనగర్)

జవాబు: నొచ్చుకోనివ్వండి. కవులకు అది కొత్త కాదు. ఆ అంశం వచ్చినప్పుడు ఆయన బయట వరండాలో నిలబడాలి, బయటికి వెళ్లినట్టు మినిట్స్‌లో రాయాలి. ఆయన లేనప్పుడు కూడా పదిమందీ కొనాలనే అంటే కొనండి.

ప్రశ్న: ఇరవై మందిలో ఇద్దరమే ఆడవాళ్లం. మీటింగు ఎప్పుడూ హైదరాబాద్‌లోనే, మధ్యాహ్నం మొదలై చీకటి పడ్డాక ముగుస్తుంది. రాకపోతే "వాళ్లకు ఆసక్తి లేదు" అంటారు. కోరం లేదని మీటింగు వాయిదా పడ్డా మా మీదికే వస్తుంది. (మహబూబాబాద్)

జవాబు: మీరు ఎవరితోనూ వాదించకండి. స్థలం, వేళ మార్చాలన్నదాన్ని ఎజెండాలో అంశంగా చేర్చమని కార్యదర్శికి ముందే రాతపూర్వకంగా ఇవ్వండి. నోటితో అన్నది టీ గ్లాసులతో పాటు పోతుంది. ఆన్‌లైన్‌లో కూర్చోవడానికి మీ బైలాస్ ఒప్పుకుంటాయో లేదో చూడండి. ఒప్పుకోకపోతే సవరణ సర్వసభ్య సమావేశానికి పోవాలి.

మా రోజుల్లో ఒక్కసారి పట్టుబట్టి మీటింగు హనుమకొండలో పెట్టించాం. హైదరాబాద్ వాళ్లు బస్సు ఆలస్యమైందని, ఎండ అని, నడుం నొప్పి అని ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. తిరుగు ప్రయాణం తలుచుకుని నాలుగింటికే గడియారాలు చూసుకున్నారు. ఇకపై మీటింగులు పొద్దున పది గంటలకు మొదలుపెట్టాలన్న తీర్మానం ఆ రోజే, ఏకగ్రీవంగా పాసైంది.

ప్రశ్న: మూతపడ్డ ఒక పాత గ్రంథాలయంలో చెక్క బీరువా తెరిస్తే చెదలు పట్టిన రిజిస్టర్లు దొరికాయి. కొన్ని పుటల్లో ఉర్దూ ఉంది. సంవత్సరం 1345 అని ఉంది. చిత్తుకాగితాల వాడికి వేసేద్దామంటున్నారు. (నర్సంపేట)

జవాబు: ఆ వాడిని ముందు గేటు బయటికి పంపండి. 1345 అంటే ఫస్లీ లెక్క, నిజాం సర్కారు కాగితాల్లో వాడిన సంవత్సరాల లెక్క. దానికి 590 కలపండి, ఇంచుమించు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. మీ చేతిలో ఉన్నవి 1935 ప్రాంతపు రిజిస్టర్లు. నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటే గష్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు కింద సర్కారు అనుమతి తెచ్చుకోవాల్సిన కాలం. పుటల మధ్య మడతపెట్టిన అనుమతి కాగితాలో, అర్జీలో ఉంటే పారేయకండి, ఏ పుటలో దొరికిందో ఆ పుటలోనే ఉంచండి.

ఎండలో పెట్టొద్దు, నీడలో గాలి తగలనివ్వండి. మెత్తటి కుంచెతో మట్టి దులపండి. సెల్లోటేపు వేయొద్దు, లామినేషన్ మాట అసలే ఎత్తొద్దు. మంచి పుస్తకాల బీరువాలోకి ఇప్పుడే చేర్చకండి, చెదలు వాటికీ పాకుతాయి. పుట మూలన పెన్సిల్‌తో నంబరు వేసుకుంటూ ఫోన్‌లో వరసగా ఫోటోలు తీయండి. ఉర్దూ చదవగల పెద్దవాళ్లు నర్సంపేటలో ఇంకా ఉంటారు, ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి.

సంతకాలున్న పుటలు కొన్ని ఈ పత్రిక చిరునామాకు పంపండి. వాళ్లు ఖాళీ లైన్లు వదిలారో, గీత కొట్టారో చూడాలని ఉంది.