వానాకాలానికి కారు టైర్లు: రెండే కొంటే కొత్తవి వెనక్కే వేయించండి

మీరు అడిగినవి రెండు. శ్రీకాకుళం నుంచి తరచూ సాలూరు ఘాట్ మీదుగా కోరాపుట్ వెళ్లొస్తుంటారు, కారు టైరు సైజు 185/65 ఆర్15. మంచు దేశాల్లో చలికాలానికి టైర్లు మార్చినట్టు మన వానాకాలానికీ వేరే టైర్లు ఉండాలా అన్నది ఒకటి. ముందు టైర్లు అరిగిపోయాయి, ఇప్పుడు రెండే కొంటే ఎక్కడ వేయించాలి అన్నది ఇంకొకటి.

రెండోదానికే ముందు చెబుతాను, ప్రాణం మీదికి వచ్చేది అదే. కొత్త జత వెనక్కి వేయించండి, వెనకున్న జత ముందుకి తెప్పించండి. చాలా షాపుల్లో దీనికి ఒప్పుకోరు. "లాగేవి ముందు చక్రాలు, స్టీరింగూ అక్కడే, కొత్తవి ముందుకే వేద్దాం సార్" అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ తడి రోడ్డు మీద ముందు టైర్లు పట్టు వదిలితే బండి మలుపు తిరగకుండా నేరుగా పోతుంది. స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోవడం చేతికి తెలుస్తుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలాసార్లు పట్టు మళ్లీ దొరుకుతుంది. వెనక టైర్లు వదిలితే అంత వ్యవధి ఉండదు. బండి వెనక భాగం పక్కకి కొట్టుకుపోయి, గిర్రున తిరిగిపోతుంది. ఘాట్ దిగుతూ బ్రేకు తొక్కినప్పుడు బరువంతా ముందుకి వాలి వెనక చక్రాలు తేలికవుతాయి కాబట్టి సాలూరు రోడ్డు మీద ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. షాపతను ఎంత చెప్పినా ఈ ఒక్క విషయంలో మెత్తబడకండి. వెనకున్న జత గాడి లోతు కూడా 3 మిల్లీమీటర్ల కిందికి వచ్చేసి ఉంటే మాత్రం రెండుతో సరిపెట్టకుండా నాలుగూ మార్చాలి.

ఇక వేరే టైర్ల సంగతి. వింటర్ టైరు రబ్బరు 7 డిగ్రీల లోపు చలిలో కూడా గట్టిపడకుండా ఉండేలా చేస్తారు. పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు రేకు గుర్తు ఉంటుంది. మన ఎండకి ఆ రబ్బరు మరీ మెత్తబడి త్వరగా అరిగిపోతుంది, బ్రేకు వేస్తే ఆగే దూరమూ పెరుగుతుంది. అరకు, లంబసింగి డిసెంబరు చలికి కూడా అది అక్కర్లేదు. మామూలు టైరే మన వానకి సరైన టైరు, గాడుల్లో లోతు ఉన్నంతవరకు.

ఆ లోతు గురించే అసలు మాట్లాడుకోవాలి. కొత్త కారు టైరుకి గాడి లోతు సుమారు 7 నుంచి 8 మిల్లీమీటర్లు. చట్టం ప్రకారం 1.6 దాకా నడపొచ్చు; గాడి అడుగున అక్కడక్కడ కనిపించే చిన్న రబ్బరు దిమ్మలు ఆ హద్దుకే. పొడి రోడ్డు మీద అది చెల్లుతుంది గానీ నడివానలో చెల్లదు. టైరు కింద నిలిచిన నీటిని పక్కలకి తోసేసేది గాడులే. తోసే చోటు తగ్గితే నీరు టైరు ముందు పోగుపడి, చివరికి టైరు నీటి మీదే తేలుతుంది. అప్పుడు స్టీరింగూ పనిచేయదు, బ్రేకూ పనిచేయదు. అందుకే వానాకాలానికి నా లెక్క 3 మిల్లీమీటర్లు. జూన్‌లో అంతకంటే తక్కువ ఉంటే సీజను గడుస్తుందిలే అనుకోవద్దు, మనకి అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలు కూడా ఉన్నాయి. లోతు కొలిచే గేజ్ చవకే. ఒక్కో టైరుకి లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడు చోట్లా కొలవండి. బయట నుంచి బాగానే కనిపించే టైరు లోపలి అంచున గుండు అయిపోయి ఉండటం మామూలే; అది అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలబడే కోణం, తప్పిందనడానికి గుర్తు. అలైన్‌మెంట్ సరిచేయించకుండా కొత్త టైరు వేస్తే అదీ అలాగే అరిగిపోతుంది. నడుమ ఎక్కువ అరిగితే గాలి ఎక్కువైందని, రెండంచులూ అరిగితే తక్కువైందని.

గాలి తగ్గినా టైరు తేలుతుంది. నీరు నిలిచిన రోడ్డు మీద అరిగిన టైరు ఏ వేగానికి తేలుతుందో నాసా పరిశోధకులు కట్టిన లెక్క ఒకటుంది. టైరులో గాలి ఎన్ని పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉందో దాని వర్గమూలాన్ని 16.7తో గుణిస్తే గంటకి ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 33 పీఎస్ఐ ఉంటే దాదాపు 96, 25కి పడిపోతే 83. హైవే మీద రణస్థలం, ఎచ్చెర్ల వైపు వానలో కూడా తొంభై మీద పోయేవాళ్లు ఈ రెండంకెలు గుర్తుపెట్టుకోవాలి. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉన్న అంకె ప్రకారం, పొద్దున్నే బండి చల్లగా ఉండగా కొట్టించండి. వానలో పట్టు కోసం గాలి తగ్గించమని చెప్పేవాళ్ల మాట వినొద్దు.

కొనేటప్పుడు వెడల్పు పెంచకండి. మీ సైజులో మొదటి అంకె 185 వెడల్పే; దాని బదులు 195 వేస్తే బండి నిండుగా కనిపిస్తుంది, కానీ వెడల్పు టైరు ఎక్కువ నీటిని తోయాల్సి వస్తుంది, త్వరగా తేలుతుంది. సైజు పక్కన 88 హెచ్ లాంటిది ఉంటుంది: 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, హెచ్ అంటే 210 కిలోమీటర్ల వేగం దాకా. పాత టైరు మీదున్న అంకెకి తగ్గకూడదు. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది, 2325 అంటే 2025లో 23వ వారం. ఒక పక్కే అచ్చు వేసి ఉండొచ్చు, బిగించకముందే తిప్పి చూడండి. లక్ష కిలోమీటర్లు వస్తుందని చెప్పి అమ్మేదాన్ని నేనైతే ఘాట్ రోడ్డుకి కొనను, ఎక్కువ మన్నిక కోసం రబ్బరు గట్టిగా చేస్తే తడి మీద పట్టు తగ్గే అవకాశం ఎక్కువ. కొన్ని టైర్ల మీద ట్రాక్షన్ అని ఏఏ, ఏ, బీ, సీ గ్రేడు ఉంటుంది, అది తడి రోడ్డు మీద నేరుగా బ్రేకు వేసి కొలిచినదే. గ్రేడు 'ఏ' కంటే తగ్గనివ్వకండి. అరిగిన గాడులనే లోతుగా చెక్కి అమ్మే పాత టైర్ల జోలికి అసలు పోవద్దు, చెక్కిన చోట లోపలి తీగలకి రక్షణ ఉండదు.

టైరు ఎంత మంచిదైనా మన దారిలో కొన్నిచోట్ల చేయగలిగేది తక్కువ. సాలూరు లారీల ఊరు. ఘాట్ మలుపుల్లో కారిన డీజిలు, ఆయిలు తొలి వాన పడ్డ అరగంటలో పైకి తేలి రోడ్డంతా జారుతుంది. ఉభాల (వరినాట్ల) రోజుల్లో రాజాం నుంచి రామభద్రపురం వైపు దమ్ము ట్రాక్టర్లు మళ్లలోంచి నేరుగా రోడ్డెక్కుతాయి. చక్రాల నుంచి రాలిన బురద మీద వాన తుంపర పడితే ఏ గాడీ పట్టుకోదు, అక్కడ వేగం తగ్గించడమే దారి. నీళ్లు నిండిన గోతిలో గట్టిగా పడ్డాక పక్కగోడ తడిమి చూడండి. గుడ్డంత ఉబ్బు తగిలితే లోపలి దారాలు తెగినట్టే. దానికి పంక్చర్ షాపులో మందు లేదు, మార్చాల్సిందే.

కొత్త టైరు పై పొర నున్నగా ఉంటుంది, మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు ఘాట్‌కి వెళ్లకుండా ఊళ్లోనే తిప్పండి. బాణం గుర్తున్న టైరైతే చక్రం ముందుకి తిరిగే వైపే బాణం ఉందో లేదో చూడండి, తిరగేసి బిగిస్తే గాడులు నీటిని బయటికి పంపవు. బిగించాక వంద కిలోమీటర్లకి నట్లు ఒకసారి మళ్లీ బిగింపు చూపించి, పనిలో పనిగా స్టెప్నీకి కూడా గాలి కొట్టించండి.